లండన్‌లో టాస్

గ్లిన్ ఓటవెల్ కొడుకు మ్యాచ్ కోసం రెండో రోజుకీ మూడో రోజుకీ సెలవు పెట్టాడు. మొదటి రోజు ఎలాగూ మనవాళ్లు బ్యాటింగే చేస్తారనుకుని, ఉత్తరాల సంచీ భుజాన వేసుకుని ఎప్పటిలాగే వీధులు తిరిగాడు. తీరా కెప్టెన్ ముందు బౌలింగ్ ఎంచుకున్నాడు. కౌంటీ తరఫున మొట్టమొదటి మ్యాచ్‌లో ఎలిస్ మూడు వికెట్లు తీశాడు. కన్నతండ్రి ఒక్కటీ చూడలేదు.

ఎలిస్‌కు పంతొమ్మిదేళ్లు. చిన్నప్పుడు చెత్తడబ్బాను వికెట్లుగా పెట్టుకుని పెరటి గోడ పెచ్చులూడగొట్టేవాడు. పదిహేడో ఏట వెన్నెముకలో వెంట్రుకంత చీలిక ఉందని స్కాన్‌లో తేలింది. తొమ్మిది నెలలు బంతి ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత కూడా రోజుకు పద్నాలుగు ఓవర్లకు మించొద్దని ఫిజియో గిరిగీశాడు. అప్పటినుంచీ ఆటకు వచ్చినప్పుడల్లా గ్లిన్ ఎడమ జేబులో పద్నాలుగు గులకరాళ్లు వేసుకుంటాడు. కొడుకు ఓవర్ ముగించగానే ఒకటి కుడి జేబులోకి మారుస్తాడు.

ఎలిస్ కాంట్రాక్టు నెలాఖరుతో అయిపోతుంది. ఉంచుకోవాలో పంపించేయాలో కోచ్ తేల్చుకోవడానికి మిగిలింది ఈ ఒక్క మ్యాచే. అదీ అరువు చోటు. అసలు బౌలర్ మార్స్‌డెన్ ఇంగ్లండ్ జట్టుతో లండన్‌లో ఉన్నాడు. ఇవాళ అక్కడి పదకొండు మందిలో అతని పేరు లేకపోతే కారెక్కి ఇక్కడికి వచ్చేస్తాడు. రాగానే ఎలిస్ తప్పుకోవాలి, ఆట మధ్యలోనైనా సరే. ఆ షరతు ముందే చెప్పి ఆడించారు.

రెండో రోజు పొద్దున మైదానంలో గ్లిన్ పక్క కుర్చీలో ముసలి సిరిల్ రాగ్ చెవికి రేడియో ఆనించుకుని కూర్చున్నాడు. పదిన్నరకు అక్కడ టాస్ వేసే వేళకు ఇక్కడ ఎలిస్ చేతిలో బంతి ఉంది. అవతలివాళ్లకు ఇంకా మూడు వికెట్లున్నాయి. ఎలిస్ మొదటి ఓవర్ ముగించేసరికి సిరిల్ రేడియో తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మార్స్‌డెన్‌ను తీసుకోలేదయ్యా," అన్నాడు మెల్లగా. "గంటన్నర దారి. రోడ్డు మీద లారీ ఏదైనా అడ్డంగా పడాలని కోరుకో."

"నేను తొందరగా వెళ్లాల్సిన రోజైతే తప్పకుండా పడేది," అన్నాడు గ్లిన్.

ఆ కబురు మైదానంలోకీ చేరినట్టుంది. ఎలిస్ పరుగులో వేగం పెరిగింది. బంతి వదిలేటప్పుడు నడుము పక్కకు వంగుతోంది, సరిగ్గా వెన్నెముకకు చీలిక తెచ్చిన ఆ పాత వంపే. తగ్గించరా అని అరవాలనుంది గ్లిన్‌కు. తొందరగా ఒక్క వికెట్ తియ్యరా అని కూడా అరవాలనుంది. ఏదీ అరవలేక రాళ్లు మారుస్తూ కూర్చున్నాడు. ఆరో ఓవర్‌లో బంతి బ్యాటు అంచుకు తగిలి నేరుగా స్లిప్‌లోకి వెళ్లింది. అక్కడివాడు రెండు చేతులా అందుకుని వదిలేశాడు.

"పొద్దున చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకోవడం మరిచిపోయాడు," అన్నాడు సిరిల్. గ్లిన్‌కు నవ్వు రాలేదు.

ఎనిమిదో రాయి మారిన కాసేపటికే గేటులోకి నల్లకారు వచ్చింది. మార్స్‌డెన్ ఆట బూట్లు తొడుక్కునే దిగి, బయటికి వస్తున్న ఎలిస్ భుజం తట్టి ఏదో అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అవి ఎవరికో గ్లిన్‌కు అర్థం కాలేదు.

భోజనాల తర్వాత ఎలిస్ పసుపు చొక్కా తొడుక్కుని నీళ్లసీసాలు మోశాడు. మార్స్‌డెన్‌కు సీసా అందిస్తూ పిచ్ మీద ఒక చోటు చూపించి, అరచేతిని అటూ ఇటూ తిప్పి ఏదో చెప్పాడు. మరో రెండు ఓవర్లకు బంతి అక్కడే పడి లోపలికి తిరిగి వికెట్ ఎగరగొట్టింది. అందరితోపాటు గ్లిన్ చేతులూ చప్పట్లు కొట్టాయి.

టీ విరామంలో కొడుకు కంచె దగ్గరికి వచ్చాడు. గ్లిన్ పొట్లం విప్పి శాండ్‌విచ్ ఇచ్చాడు. కోచ్ ఏమన్నాడని అడిగితే, నెలాఖరున మాట్లాడదామన్నాడట.

"నడుమెలా ఉందిరా?"

"ఏం నొప్పి లేదు నాన్నా," అన్నాడు ఎలిస్, శాండ్‌విచ్ కొరక్కుండా పట్టుకుని. "ఇవాళ ఎంతసేపైనా వేసేవాణ్ణి."

గ్లిన్ చెయ్యి ఎడమ జేబులో మిగిలిన ఆరు రాళ్ల మీదే ఉండిపోయింది.