ఎర్రమట్టి గ్రహం, వేదాద్రి గారి గుమ్మడికాయ

ఈ ఉదయం ఫిల్మ్‌నగర్ ఎత్తు దిగుతుంటే ఒక స్టూడియో గేటు ముందు కారు ఆపాల్సి వచ్చింది. ఎవరిదో షూటింగ్ పూర్తయినట్టుంది. రోడ్డు మధ్యలో పగిలిన బూడిద గుమ్మడికాయ, తెల్లటి గుజ్జు మీద కుంకుమ, ఆరిపోయిన కర్పూరం మసి. అద్దం దించి ఉండడంతో ఆ పచ్చి వాసన నేరుగా లోపలికొచ్చింది. మా సినిమావాళ్ళకు తొలిరోజు కొబ్బరికాయ, చివరిరోజు గుమ్మడికాయ. ఆఖరి షాట్ అయ్యాక యూనిట్ మొత్తానికీ దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొడతారు. అది పగిలాక ఆ సినిమాకి కెమెరా మళ్ళీ తెరవరు. దేవుణ్ణి నమ్మనివాడు కూడా ఈ ఒక్క విషయం దగ్గర నోరు మూసుకుంటాడు. అందరికీ అది పండగ వాసన. నాకు మాత్రం కాదు. వెనక ఆటోవాడు హారన్ మోగిస్తూ తిడుతున్నా కాసేపు బండి కదపలేకపోయాను. వేదాద్రి గారు గుర్తొచ్చారు.

ఆయన దర్శకుడు. మీరు ఆ పేరు విని ఉండరు, అందులో మీ తప్పేమీ లేదు. వయసులో ఉండగా రెండు కుటుంబ కథలు తీశారు, అవి ఎలా వచ్చాయో అలాగే వెళ్ళిపోయాయి. గుంటూరు వైపు మనిషి. గళ్ళ చొక్కా, అరిగిన తోలు చెప్పులు, మోకాళ్ళ నొప్పులు. యూసుఫ్‌గూడలో ఒక మేడమీద గది ఆయన ఆఫీసు. నేను అప్పటికి నలుగురైదుగురు దర్శకుల దగ్గర పనిచేసి, అందరితో పోట్లాడి, చివరికి ఆయన దగ్గర కో-డైరెక్టర్‌గా కుదిరాను. నాతో పోట్లాడకుండా నన్ను పోట్లాడనిచ్చిన మొదటి మనిషి ఆయనే. ఆయనకు ఒకటే కోరిక, వేరే గ్రహం మీద కౌబాయ్ సినిమా తీయాలని. ఇంగ్లీషువాళ్ళు దాన్ని స్పేస్ వెస్టర్న్ అంటారు. గుర్రం, తుపాకీ, దుమ్ము రేగే ఒంటరి ఊరు, న్యాయం అడగడానికి వచ్చిన ఒక్క మనిషి, అన్నీ కౌబాయ్ కథలో ఉన్నవే. కాకపోతే ఎడారి ఉన్నచోట ఒక గ్రహం ఉంటుంది, నీళ్ళ బావి కోసం కొట్టుకునేవాళ్ళు గాలి కోసం కొట్టుకుంటారు. ఆ గదిలో ఈ కథ చెబితే టీ తెచ్చినవాడు కూడా నవ్వేవాడు.

కథా చర్చల్లో మొదటి వారమే నాకు దెబ్బ తగిలింది. గాలి సరఫరా చేసే కంపెనీవాడు ఊరి మీద పడతాడు, హీరో వెంటనే భూమికి కబురు పంపుతాడు, సైన్యం దిగుతుంది. ఇదీ నేను రాసిన సీను. ఆయన చదివి కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

"వసంతా, సాయం ఎంత దూరంలో ఉందమ్మా?"

"కబురు పంపాడు కదండీ, వచ్చేస్తుంది."

"ఫోన్ చెయ్యగానే పోలీసులు దిగితే అది యూసుఫ్‌గూడ అవుద్ది. గ్రహం ఎలా అవుద్ది?"

"యూసుఫ్‌గూడలో కూడా దిగరండీ," అన్నాను ఊరుకోలేక.

ఆయన కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. తరవాత కళ్ళజోడు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పారు. "రాకెట్లూ గుర్రాలూ పైన తొడిగే బట్టలమ్మా. మనిషికి ఆపద వచ్చింది, సాయం దూరంగా ఉంది. ఆ దూరమే కథ. ప్రతి సీనులో ముందు అది కొలువు, తరవాత డైలాగు రాయి." అప్పటి నుంచి నేను ఏ సీను పట్టుకెళ్ళినా అదే ప్రశ్న. విసుగొచ్చి ఒకసారి "ఈ ప్రశ్న రబ్బరు స్టాంపు చేయించుకోండి సార్" అన్నాను. చేయిస్తే నాకే ఇస్తానన్నారు.

నిర్మాత మురళి గారు జూబ్లీహిల్స్‌లో ఇళ్ళు కట్టి అమ్మే మనిషి, సినిమాకి కొత్త. కథంతా విని ఒకే ప్రశ్న వేశారు. "మనిషికి హెల్మెట్ పెట్టారు, బానే ఉంది. మరి గుర్రం గాలి ఎలా పీలుస్తుందండీ?" అంతకుముందు కథ విన్న నిర్మాతలంతా ఈ ప్రశ్న దగ్గరే లేచి వెళ్ళిపోయారు. వేదాద్రి గారు మాత్రం తడుముకోలేదు. "గుర్రం అక్కడే పుట్టిందండీ, దాని తాతలూ అక్కడే పుట్టారు. ఆ పలచటి గాలి దానికి అలవాటు. మనిషే మొన్న వలస వచ్చాడు." మురళి గారు "మావాళ్ళు కూడా హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఇలాగే ఉండేవాళ్ళు" అని ఒప్పేసుకున్నారు. ఆ సాయంత్రం మేమిద్దరం కృష్ణానగర్‌లో మిర్చిబజ్జీలు తిన్నాం.

మా గ్రహం ఫిల్మ్‌నగర్ వెనక ఒక ఖాళీ స్థలం. మురళి గారిదే. ఇళ్ళ మధ్య ఎలాగో మిగిలిపోయిన పెద్ద పెద్ద రాతి బండలు, వాటి మధ్య మేం లారీలతో పోయించిన ఎర్రమట్టి. కెమెరా కాస్త ఎడమకు తిరిగితే ఎవరి మేడమీదో ఆరేసిన లుంగీలు, కుడికి తిరిగితే నగల దుకాణం హోర్డింగు. ఆ రెంటి మధ్య సందులో ఒక లోకం నిలబెట్టాడు ఆ మహానుభావుడు. షూటింగ్‌లో ఆయనకు ఒక అలవాటు ఉండేది. దర్శకులందరూ టెంటులో మానిటర్ ముందు కూర్చుంటే ఆయన నటుడికి దగ్గరగా, ఫ్రేములో పడకుండా ఎక్కడో ఒకచోట నక్కి ఉండేవారు. "మానిటర్‌లో బొమ్మ కనపడుద్ది, మనిషి కనపడడు" అనేవారు. నాకు అది చాదస్తంగానే అనిపించేది.

ఆఖరి రోజు రానే వచ్చింది. మర్నాడు పొద్దున ఆ బండల్ని పేల్చి, మురళి గారు ముందే అమ్మేసిన ఇళ్ళకి పునాదులు తవ్వాలి. యంత్రాలు అప్పటికే గేటు బయట వరసగా నిలబడి ఉన్నాయి. అంటే ఆ సాయంత్రం పోతే మా గ్రహమే ఉండదు. మిగిలింది ఒకటే షాట్, సినిమాకి ప్రాణం లాంటిది. హీరో తన గాలి సిలిండరు ఊరివాళ్ళకి ఇచ్చేసి గుర్రమెక్కి బయల్దేరతాడు, బండల మధ్య ఊపిరాడక జారిపడతాడు, పాకుతాడు, కదలిక ఆగిపోతుంది. గుర్రం వెనక్కి వచ్చి పక్కన నిలబడుతుంది. మొహం కనపడదు కాబట్టి హీరో బదులు బోరబండ యాదగిరి చేస్తున్నాడు. ఫైటర్, గుర్రపు స్వారీలో దిట్ట. హెల్మెట్ మూశాక బయటి గాలి రాదు, మెడ వెనక చిన్న ఫ్యాన్ ఒకటి బ్యాటరీతో తిరుగుతూ గాలి పంపుతుంది. వేదాద్రి గారు అతన్ని పక్కకి పిలిచి మరీ చెప్పారు. "నటించేది ఊపిరాడనట్టే కాబట్టి నిజంగా ఆడకపోతే మాకు తెలీదు. కుడి చెయ్యి పైకెత్తు. మొహమాటపడకు."

"ఫికర్ చెయ్యకున్రి సార్, చేసి సూపిస్త," అన్నాడు యాదగిరి.

కెమెరా పక్కన పీట మీద గుమ్మడికాయ, కుంకుమ, కర్పూరం సిద్ధంగా ఉన్నాయి. ఎండ బండల అంచుల మీదికి ఎర్రగా దిగుతోంది. వేదాద్రి గారు మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ వెళ్ళి ఫ్రేము మధ్యలో ఉన్న ఒక బండ వెనక కూర్చున్నారు. నేను మానిటర్ దగ్గర నిలబడి యాక్షన్ చెప్పాను.

గుర్రం దుమ్ము రేపుకుంటూ వచ్చింది. యాదగిరి అనుకున్న చోటే జారిపడ్డాడు. పాకాడు. మెడ పట్టుకున్నాడు. కాళ్ళు మట్టిని తన్నాయి. హెల్మెట్ గాజు లోపల ఆవిరి కమ్మి తెల్లబడుతోంది. "అబ్బ, ఆ ఆవిరి చూడండి, ఎంత సహజంగా ఉందో!" అన్నారు మురళి గారు నా చెవి పక్కన. నాకూ ఇన్నేళ్ళ కష్టం ఇదుగో ఈ నిమిషం కోసమే అనిపించింది. చెయ్యి పైకి లేవలేదు. లేవలేదు కాబట్టి అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. అంతలో మానిటర్‌లో, ఆ ఎర్రటి గ్రహం మీద, గళ్ళ చొక్కా వేసుకున్న ఒక ముసలాయన బండ వెనక నుంచి లేచి పరుగెత్తడం కనిపించింది. ఒక చెప్పు జారి వెనకే పడిపోయింది. "కట్" అని కూడా ఎవరూ అనలేదు. ఆయన అతని మీద పడి హెల్మెట్ గొళ్ళెం లాగుతున్నారు.

బండ వెనక ఆయనకు ఫ్యాన్ చప్పుడు వినిపిస్తూనే ఉందట. అది ఆగిపోయింది. టెంటులో ఉన్న మాకు అది వినపడే అవకాశమే లేదు. మేం చేరేసరికి యాదగిరి పెదాలు నల్లబడి ఉన్నాయి. పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాడు, దగ్గాడు, నీళ్ళు తాగాడు. కాసేపటికి మొహంలోకి రంగు వచ్చింది. చెయ్యెందుకు ఎత్తలేదని అరిచాను. "షాట్ మంచిగ వస్తున్నట్టు అనిపించిందక్కా," అన్నాడు.

ఈలోగా ఎవరో ఫ్యాన్ సరిచేశారు. అది గుర్రుమని తిరుగుతోంది. మురళి గారు ఆకాశం చూశారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ నిమిషంలో అక్కడున్న ఎవరైనా అదే అడిగేవాళ్ళు. "ఇంకా వెలుగు ఉందండీ. ఒక్కసారి లాగించేద్దామా?"

"నేను రెడీ సార్. ఇంకోపారి చేస్త," అంటూ యాదగిరి లేచి నిలబడ్డాడు. ఆ నిలబడడంలో తూలడం నాకు కనిపించింది, అందరికీ కనిపించింది. ఎవరూ పైకి అనలేదు. నేనూ అనలేదు, నాకూ ఆ షాట్ కావాలి.

వేదాద్రి గారు బండల వైపు చూశారు. గేటు బయట యంత్రాల వైపు చూశారు. ఒంటి చెప్పుతో కుంటుకుంటూ కెమెరా దగ్గరికి నడిచారు. ఫ్రేము చూసుకుంటారని కెమెరామన్ పక్కకి జరిగాడు. ఆయన వంగి పీట మీది గుమ్మడికాయ రెండు చేతులా ఎత్తారు. కర్పూరం లేదు, దిష్టి తీయడం లేదు. నెత్తి మీదికెత్తి మట్టిలోకి విసిరికొట్టారు.

ఆ చప్పుడుకి గుర్రం బెదిరింది. గుజ్జు నా కాళ్ళ మీద పడింది. "ఏం చేశారండీ!" అన్నారు మురళి గారు. "గుమ్మడికాయ కొట్టేశానండీ. షూటింగ్ అయిపోయింది," అన్నారు వేదాద్రి గారు. కెమెరామన్ లెన్స్ మీద మూత పెట్టేశాడు. ఇక ఆ యూనిట్‌లో ఒక్కరు కూడా లైటు ముట్టుకోరని అందరికంటే వేదాద్రి గారికే బాగా తెలుసు.

ముందుగా తిరగబడింది యాదగిరే. "గిట్ల జేసిన్రేంది సార్? గసొంటి షాట్ మళ్ల దొరుకుతదా నాకు?" ఏడుస్తున్నాడు. వేదాద్రి గారు అతని భుజం మీద మట్టి దులిపారు. "తిట్టుకోరా. తిట్టుకుంటూ ఇంటికెళ్ళు." నాకూ ఏడుపొచ్చింది, కోపంతో. ఆ కోపం చాలా రోజులు ఉంది. ఆయన కలని ఆయన పగలగొట్టుకుంటే పగలగొట్టుకోవచ్చు, అందులో నా వాటా కూడా ఉందిగా అనుకునేదాన్ని.

సినిమా ఆ షాట్ లేకుండానే విడుదలైంది. చివర్లో ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాలేదు. నవ్వారు. వేదాద్రి గారికి మళ్ళీ ఎవరూ సినిమా ఇవ్వలేదు. ఇతరుల కథా చర్చల్లో కూర్చుంటూ, సాయం ఎంత దూరంలో ఉందని కుర్ర దర్శకుల్ని విసిగిస్తూ గడిపి, కిందటేడు పోయారు. ఎర్రగడ్డ శ్మశానానికి వెళ్ళేటప్పుడు పాడె ముందు వైపు మోసినవాళ్ళలో యాదగిరి ఉన్నాడు. దారి పొడవునా ఇంకెవరికీ భుజం మార్చనివ్వలేదు.

ఆ ఆఖరి టేకు నా ఫోనులో ఉంది. ఎర్రటి గ్రహం, ఖాళీ జీను, చెప్పు జారిపోయిన ముసలాయన పరుగు. అలాంటి కథకు అంతకంటే మంచి ముగింపు నాకు ఇప్పటికీ తోచదు. అప్పుడే చూడగలిగి ఉంటే ఆయనతో చెప్పేదాన్ని.

ఈ మధ్య నేను సొంతంగా సినిమా తీస్తున్నాను. గ్రహాలూ గుర్రాలూ లేవు, మామూలు ఇంటి కథ. ఈ రోజు సీనులో మా హీరోయిన్ నీళ్ళ తొట్టెలో మునిగి కాసేపు కదలకుండా ఉండాలి. నేను చీర పైకి దోపి, ఫ్రేముకి అవతల తొట్టె మెట్టు మీద నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చున్నాను. ఫైట్ మాస్టరుగా వచ్చిన యాదగిరి టెంటు వైపు చెయ్యి చూపిస్తూ దూరం నుంచి అరిచాడు.

"అక్కా, మానిటర్ గాడుంది!"

"తెలుసు మాస్టర్," అన్నాను. ఇక్కడి నుంచి ఆ అమ్మాయి చెయ్యి నాకు అందుతుంది.