శనివారం రైల్లో సత్యం అంకుల్ ఆఖరి డ్యూటీ

మా పక్కింటి సత్యం అంకుల్ రమ్మంటున్నా నాలుగేళ్లు వాయిదా వేశాను. ఇంజనీరుగా రిటైరైన ఆయన వారాంతాల్లో, సందర్శకుల కోసం నడిపే ఒక పాతకాలపు రైల్వేలో వాలంటీరు కండక్టర్, అంటే మన గార్డు. అక్కడ జీతం తీసుకునేవారు ఒక్కరూ లేరు. 2011 అక్టోబరులో ఆయనే ఫోన్ చేశారు. "ఈ శనివారం రామ్మా. నాది లాస్ట్ డ్యూటీ." ఎందుకని అడిగితే, "వచ్చాక చెప్తాలే" అన్నారు.

మేముండే నేపర్‌విల్‌లో పొద్దున ఎనిమిదింటికి బయలుదేరాను. అరోరా దాటి హైవే వదిలాక, కోతలు అయిపోయిన మొక్కజొన్న చేల మధ్య సన్నని రోడ్డు. గంటా ఇరవై నిమిషాలు పట్టింది. పార్కింగ్ ఉచితం, టికెట్ పన్నెండు డాలర్లు. రైళ్లు పదిన్నరకు, పన్నెండున్నరకు, రెండున్నరకు. రానూపోనూ యాభై నిమిషాలు.

నేను వెళ్లేసరికి ప్లాట్‌ఫారం మీద అంకుల్‌తో ఇంజన్ డ్రైవర్ బాబ్ గట్టిగా వాదిస్తున్నాడు. "నువ్వు మానేస్తే శనివారం రైలే ఉండదు. ఆ రోజుకి పరీక్ష పాసైన కండక్టర్ ఇంకెవరున్నారు?"

"తెలుసు బాబ్" అని మాత్రం అన్నారు అంకుల్.

తర్వాత నాతో చెప్పారు. "పోయిన వారం వెనక తలుపు దగ్గరున్న వాలంటీరు అమ్మాయి వాకీటాకీ రేడియోలో 'ఆపండి' అని అరిచిందటమ్మా. నాకు వినపడలేదు. బయల్దేరమని చెయ్యి ఊపేశాను. ఒకావిడ ఇంకా మెట్టు మీదే ఉంది. బాబ్ విన్నాడు కాబట్టి బండి కదల్లేదు. ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు. జరిగింది నేనే రాసిచ్చి, మానేస్తానన్నాను."

"హియరింగ్ ఎయిడ్ ఉంది కదా అంకుల్?"

"ఇంట్లో సరిపోతుంది. ఇంజన్ మోతలో కాదు."

ఆ రోజు మూడు ట్రిప్పులూ ఆయన వెంటే తిరిగాను. ఆయన అడిగారని ఇంకో వాలంటీరు రేడియో పట్టుకుని పక్కనే నిలబడింది. టికెట్ పంచ్ చేస్తూ, ప్రతి ప్రయాణికుడి పెదాల వంకా చూస్తూ జవాబు చెప్పారు. ఆఖరి ట్రిప్పులో తొమ్మిది మందే ఎక్కారు. అందరూ దిగాక పెట్టెల కిటికీలన్నీ ఒక్కొక్కటే మూసి, తాళాలు బాబ్‌కి ఇవ్వబోయారు.

బాబ్ చెయ్యి చాపలేదు. పట్టాల వంక చూస్తూ, "ఆ రోజు నాకూ వినపడలేదు" అన్నాడు. "ఎందుకో అనుమానం వచ్చి ఆగాను. అంతే. నీకు చెప్పలేకపోయాను."

అంకుల్ అతని భుజం మీద చెయ్యి వేశారు.

"వచ్చే వారం నేనూ చెవి పరీక్షకి వెళ్తాను" అంటూ బాబ్ తాళాలు తీసుకున్నాడు.

ఆ సీజన్లో మిగిలిన శనివారాలు రైలు నడవలేదు. బాబ్ చెవి పరీక్ష పాసయ్యాడు. మరుసటి వేసవికి ఇద్దరు కొత్త కండక్టర్లు తయారయ్యాక బండి మళ్లీ మొదలైంది. అంకుల్ ఇప్పుడు టికెట్ కిటికీలో కూర్చుంటున్నారు. అప్పటిదాకా ఆఫీసులో నా పొరపాటు ఎవరి కంటా పడకపోతే చడీచప్పుడు లేకుండా సర్దేసుకునేదాన్ని. ఆ శనివారం సాయంత్రం కార్లో తిరిగొస్తుంటే, అలా సర్దేసినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. సోమవారం మా మేనేజర్‌కి వాటిలో ఒకటి చెప్పాను. చెప్పడం తేలిక కాలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: బయలుదేరే ముందు పొద్దున్నే స్టేషన్‌కి ఫోన్ చేసి, ఆ రోజు సిబ్బంది ఉన్నారో లేదో కనుక్కోండి. సరిపడా మనుషులు లేకపోతే వాళ్లు రైలు నడపరు.