రేపల్లె సందులో జల్లెడ దీపం

1974 వేసవిలో నేను బాపట్లలో టీచరుగా పనిచేస్తున్నాను. మా కరుణక్క రేపల్లెలో ఆడవాళ్ల కోసం కుట్టుషాపు పెట్టింది. బజారుకి లోపలగా, సందులో ఉన్న గది. సాయంత్రాలు ఆ దారినే నడిచేవాళ్లు కూడా అక్కడ షాపుందని గమనించకుండా దాటిపోతున్నారట. ఇంకో నెల చూసి మూసేస్తానని కబురంపింది. తెనాలిలో ఒకాయన పాత మిల్లు సామానుతో అలంకారపు దీపాలు చేస్తాడని అప్పటికే విని ఉన్నాను. అలాంటిదొకటి అక్క షాపులో వెలిగితే నలుగురి కంట్లో పడుతుందనిపించి, ఒక శనివారం బయల్దేరాను.

బాపట్లలో పొద్దున పాసింజరు ఎక్కితే నిడుబ్రోలు, చుండూరు మీదుగా గంటన్నరలో తెనాలి. స్టేషను బయట ఇడ్లీ తిని రిక్షా అతన్ని అడిగితే, "దీపాల బాబాయి దగ్గరికా? ఎక్కండమ్మా" అని అర్ధరూపాయికి తీసుకెళ్లాడు. ఇంటి ముందు రేకుల షెడ్డు, అందులో లేతు మిషను. ఇంజను చక్రాలు అడుగున పెట్టి, నీళ్ల పైపులు నిలబెట్టి, నూనె పోసే గరాటాలు బోర్లించి ఆ బాబాయి, వెంకటేశ్వర్లుగారు చేసిన దీపాలు వరసగా ఉన్నాయి. కానీ నా చూపు లోపలి గదిలో వేలాడేదాని మీద పడింది. బియ్యం మిల్లు జల్లెడ రేకుని గుండ్రంగా చుట్టి, పైన ఇత్తడి మూత బిగించారు. దాని చిల్లుల్లోంచి వచ్చే వెలుగు గోడంతా గింజలు చల్లినట్టుంది.

"అది మా ఆవిడదండి. అమ్మాలో వద్దో ఆవిడే చెప్పాలి" అన్నారాయన.

ఆయన పారేయబోతే ఆ రేకుని తుక్కులోంచి ఏరి పెట్టింది ఆయన భార్య నాగరత్నంగారేనట. ఇవ్వనని మొదట్లోనే చెప్పేశారు. అయినా మా అక్క సంగతి మొత్తం చెప్పాను. అంతా విని ఆవిడ స్టూలెక్కి దీపం దించారు.

"ఇస్తానని కాదమ్మాయ్. నేనూ వస్తా. అక్కడ బాగుంటే ఉంచుతా, లేకపోతే తెచ్చుకుంటా."

మధ్యాహ్నం రేపల్లె బండిలో పాత చీర చుట్టిన దీపాన్ని ఆవిడ ఒళ్లోంచి దించలేదు. కోడిపెట్టా అని ఒకామె అడిగింది. ఆవిడ మూట విప్పి చూపించి, మా అక్క షాపు గురించి కూడా చెప్పారు. భట్టిప్రోలు వచ్చేసరికి పెట్టెలో అందరికీ మా కథ తెలిసిపోయింది. నాకు నవ్వాగలేదు.

అక్క దాన్ని కుట్టుమిషను మీదుగా వేలాడదీసింది. స్విచ్చి వేయగానే గుడ్డంతా చుక్కలు, నీడలు. కుట్టు ఎక్కడ పడుతోందో కనబడక అక్క మొహం చిన్నబోయింది. దీపం తిరిగి తెనాలి వెళ్లిపోయినట్టే అనుకున్నాను.

"పనిచేసే చోటికి ఇది పనికిరాదు" అని నాగరత్నంగారే దించి, గుమ్మం బయట చూరుకి కట్టించారు. చీకటి పడుతుండగా వెలిగించాం. ఎదుటి గోడా సందూ వెలుగు గింజలతో నిండిపోయాయి. కాలేజీ అమ్మాయిలిద్దరు ఆగి చేతుల మీద పడిన చుక్కలు చూసుకున్నారు. వాళ్ల వెనకొస్తున్న ఒకావిడ ఇక్కడేంటని అడిగితే, అక్క నోరు విప్పేలోగా నాగరత్నంగారు, "జాకెట్లు కుడతారు, రండి" అన్నారు. ముగ్గురూ లోపలికొచ్చారు.

వాళ్లు వెళ్లాక, మీ గది బోసిపోదా అని అడిగాను. "మా ఆయన ఇంకోటి చేస్తాడు. చెయ్యకపోతే ఊరుకుంటానా" అని, తిరుగు బండికి ఇంకా టైముందని చూసుకుని అక్క ముందు నిలబడ్డారు. "నా కొలతలు కూడా తీసుకో."

షాపు మూయాల్సిన అవసరం రాలేదు. నేను మాత్రం ఆ తరవాత కూడా పాత యంత్రాల దీపాలు కనిపించిన ఊళ్లో దిగుతూనే ఉన్నాను. చాలావాటిని కొనలేదు. వాటిని చేసినవాళ్లతో, ఇష్టంగా ఇంట్లో పెట్టుకున్నవాళ్లతో మాట్లాడుతూ గడిపిన పూటలే నాకు ఎక్కువ గుర్తున్నాయి. మీరూ ఇలాంటి ఇనప దీపం కొంటే, వెలిగించే ముందు ఎలక్ట్రీషియను చేత వైరు కొత్తది వేయించి, ఎర్తు పెట్టించుకోండి.