ఏమీ తినలేదంటే

మా ఇంట్లో పసిబిడ్డ కడుపునిండా తిన్నదని నోరు తెరిచి చెప్పకూడదు. దిష్టి తగులుతుంది. అందులోనూ కన్నతల్లి దిష్టి అన్నిటికన్నా గట్టిదట. ఈ సంగతి నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

పాపకు అన్నప్రాశన అయింది. నెల తిరిగితే నేను తిరుపతిలో ఉద్యోగానికి పోవాలి. ఈలోగా అది నా పాలే కాక వేరే తిండి కూడా తినడం నేర్చుకోవాలి. ఐరాలలో మా పుట్టింట్లో రోజూ రాగిసరి కాచి, చల్లార్చి, చెంచాతో అందిస్తే మొహం తిప్పేది. బలవంతం చేస్తే నా మొహానే ఊసేది. నా బిడ్డకు నేనే పెట్టుకోలేకపోతున్నానని ఏడుపొచ్చేది.

“పాప ఏమన్నా తినిందా మా?” అని అమ్మను అడిగితే, “యాడ తినింది? నోరే తెరవలే” అనేది. మనవరాలి కోసం పలమనేరు నుంచి వచ్చిన మా అత్త, “రోంత కూడా ముట్టలేదమ్మా” అనేది. నాయన తల అడ్డంగా ఊపేవాడు. అంత దిగులుగా చెప్తే ఏం చేస్తాను? ఇంకో గిన్నె కాచేదాన్ని.

అంగన్‌వాడీలో బరువు చూసే రోజు అమ్మను, అత్తను వెంటబెట్టుకుని పరీక్షకు పోతున్నట్టు పోయాను. టీచరమ్మ పాపను తూచి, ముల్లు చూసి నవ్వింది.

“బాగా పెరిగిందే! ఏం పెడతా ఉండారు?”

“ఏమీ తినడం లేదండీ.”

వెనక అమ్మ సన్నగా దగ్గింది. “పొద్దున్నే సరి పెట్టినాలే మా. నీ దిష్టి తగుల్తాదని చెప్పలే.”

అత్త ఉలిక్కిపడింది. “అయ్యో వదినా, నేనూ పెట్టినా కదా, ఇడ్లీలో నెయ్యేసి!”

ఇంటికొస్తే అరుగు మీద నాయన తువ్వాలు కింద అరటితొక్క దాస్తున్నాడు. నా వంతు వచ్చేసరికి ఆ బుజ్జి పొట్టలో చోటెక్కడిది! “నేను దీని తల్లినా, పగదాన్నా?” అని ముగ్గురినీ దులిపేశాను.

మరునాడు అందరికన్నా ముందు లేచి నేనే పెట్టాను. పాప గిన్నె ఖాళీ చేసింది.

“తినిందా?” అంది అమ్మ.

“యాడ తినింది?” అన్నాను, గిన్నె కొంగుచాటున పెట్టుకుని.

ఇప్పుడు తిరుపతిలో పాపను అత్తే చూసుకుంటుంది. మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ చేస్తాను. “ఏమీ తినలేదమ్మా” అంటుంది. నేను నిమ్మళంగా బాక్సు తెరుచుకుంటాను.

మొన్న మాత్రం, “శుభ్రంగా తినిందమ్మా, నువ్వేం దిగులు పెట్టుకోవద్దు” అంది.

బాక్సు మూసి, సెలవు చెప్పి, ఆటో ఎక్కి ఇంటికి పరిగెత్తాను. తలుపు తీస్తే అత్త భుజం మీద పాప, ఒళ్లు కాలిపోతోంది. పక్కన సరి గిన్నె ముట్టకుండా అట్లాగే ఉంది.

“జొరమని నేను చెప్పనే లేదే, నీకెట్లా తెలిసింది?” అంది అత్త.


“మీరే చెప్పినారు కదత్తా” అని పాపను ఎత్తుకున్నాను.