పలక కాచిన సాయంత్రం

నాకు పుట్టుకతోనే గాబరా ఎక్కువ. బస్సులో టికెట్ ఎక్కడ పెట్టానా అని జేబులు తడుముకుంటూ దిగాల్సిన చోటు దాటిపోయే రకాన్ని. అలాంటివాణ్ని ఒకసారి, అడిగిన పాపాన ఎవరూ పోకపోయినా, ఇంకొకరికి పూచీగా నిలబడ్డాను.

ఎనభైల మొదట్లో తిరుపతిలో ఒక చిన్న పాఠశాలలో వయొలిన్ నేర్పేవాణ్ని. ఐరోపాలో ఏదో కొండల ప్రాంతం నుంచి ఒకావిడ మా జాతర దరువులు రికార్డు చేసుకోవడానికి వచ్చి ఏడాది ఉండిపోయింది. వయొలిన్ కంటే కాస్త పెద్దగా, బొంగురు గొంతుతో ఉండే వయొలా వాయించేది. వాళ్ళ పల్లెల్లోని పెళ్ళిపాటలు, మా ఊయల పాటలు, జాతర దరువులు కలిపి ముగ్గురం ఒక గదిలో వాయిద్దామని ఆమె ఆలోచన. మైకు ఉండదు. వినేవాళ్ళు ఓ యాభైమంది, మా చుట్టూ దగ్గరగా కూర్చుంటారు. “ఒకరి ఊపిరి ఇంకొకరికి వినపడాల” అనేది, పలకల ఆయన దగ్గర పట్టుకున్న తెలుగులో.

ఆ పలకల ఆయనే మా మూడో మనిషి. ఊరు చంద్రగిరి పక్కన పల్లె. పలక అంటే చెక్కచట్రానికి మేకతోలు బిగించిన వాయిద్యం, జాతరలో అమ్మవారి ముందు నడిచేది. ఆయన దగ్గర రెండు ఉండేవి. వాటిలో ఒకదాని చట్రం వాళ్ళ తాత చేయించింది. రమ్మని అడగడానికి నేనే వెళ్ళాను.

“మమ్మల్ని లోపలికి రానిస్తారా సామీ? వాకిట్లో నిలబడి కొట్టమంటే మాత్రం నేను రాను.”

“పూచీ నాది అబ్బా. మాతో సమానంగా కూర్చుంటావు” అన్నాను.

అన్నానే గానీ, తిరుగుబస్సులో మా నాయన గుర్తొచ్చాడు. గుడి కైంకర్యంలో తల నెరిసిన మనిషి. పలక తోలు తగిలితే తలస్నానం చేయాలనేవాడు. మరి మృదంగానికి ఉన్నదేమిటని నేను ఏనాడూ అడగలేదు. అడిగే దమ్ముంటే ఇంత చెప్పుకోవాల్సిన అవసరమే వచ్చేది కాదు.

రెండు నెలలు సాధన చేశాం. మా ఇద్దరి వాయిద్యాలకూ బిరడాలున్నాయి, తిప్పితే శ్రుతి కుదురుతుంది. పలకకు శ్రుతి నిప్పుతోనే. కుంపటి సెగకు చూపిస్తూ ఆయన అరచేత్తో తోలు తడిమేవాడు. చాలు అనే సంగతి ఆ చెయ్యే చెప్పేది. గాలిలో చెమ్మ ఉంటే ఎంత కాచినా కాసేపటికే సడలిపోయేది. అందుకే ఒక పలక వాయిస్తుంటే ఆయన తమ్ముడు బయట రెండోది కాచి తెచ్చి ఇచ్చేవాడు. మా ఆఖరి పాట పలక దరువుతో మొదలయ్యేది. దాని మోత వయొలా తీగతో కలవాలి. కలవకపోతే ఇంక పాటే లేదు.

కచేరీ రోజున కార్తీకమాసపు వాన. ఆయన పొద్దున్నే వచ్చేశాడు. తమ్ముడు సాయంత్రం రావాల్సింది, వంక పొంగి బస్సులు ఆగిపోయాయి. అది చాలదన్నట్టు, నా వాయింపు వినడానికి ఎప్పుడూ రాని మా నాయన ఆ రోజే వచ్చి, పక్క తలుపు దగ్గర మొదటి కుర్చీలో కూర్చున్నాడు.

మొదలుపెట్టే ముందు పలకల ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

“తమ్ముడు రాలేదు సామీ. మూడో పాటలో మీకు పని లేదు గదా. ఆమె వాయిస్తాంటే నేను సన్నంగా దరువేస్తాంటా. మీరు వసారాలోకి పోయి ఆఖరి పాటకు మా తాత పలక కాసి తెస్తారా? కుంపటి రాజేసి పెట్టినా. సెయ్యి పెట్టి సూడండి. సెయ్యి ఓర్సుకోలేదంటే తీసేయండి. అంతే.”

“అట్లే” అన్నాను. కొరివితో తల గోక్కుంటున్నానని తెలుస్తూనే ఉంది.

మూడో పాట మొదలైంది. లేచి, మా నాయన మోకాళ్ళ ముందు నుంచి వసారాలోకి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. పలక గోడకు ఆనించి ఉంది. రెండు నెలలు దాని పక్కన కూర్చుని వాయించాను గదా, దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. నా చెయ్యి దానంతట అదే భుజం మీది పైపంచె లాగింది. చెప్పినవాళ్ళు లేరు, అడిగినవాళ్ళు లేరు. పంచె ఒక కొసతో చట్రం పట్టుకున్నాను. రెండో కొస మడత మీదుగా తోలు తడిమాను.

ఏమీ తెలియలేదు. ఇంకా కాగలేదనుకున్నాను. లోపల వయొలా పాట చివరికొస్తోంది. బయట వాన హోరు. సడలిన పలక తీసుకెళ్తే ఆయన పరువు, నా మాట రెండూ పోతాయని భయపడి నిప్పులకు ఇంకా దగ్గరగా పెట్టాను. తోలు కమిలి వెంట్రుకలు కాలిన వాసన వచ్చాక గానీ వెనక్కి లాగలేదు. మీటి చూస్తే కంచులా మోగింది. పిచ్చివాడిలా సంతోషపడ్డాను.

పంచెతోనే తీసుకెళ్ళి అందించాను. ఆయన ముందు పంచె చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. పలక తీసుకుని అరచెయ్యి ఆనించగానే ఆయన ముఖం మారిపోయింది. అందరూ ఎదురుచూస్తున్నారు. మొదలుపెట్టక తప్పలేదు. మూడు దెబ్బలు బ్రహ్మాండంగా పలికాయి. నాలుగోదానికి తోలు నిలువునా చిరిగింది.

ఆయన చిరిగిన పలకను మెల్లగా పక్కన పెట్టి, సడలిన పలక తీసుకుని అదే దరువు మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మోత బాగా కిందికి దిగిపోయింది. ఆవిడ ఒక్క క్షణం విని, బిరడా తిప్పి తన తీగ దించింది. నన్నూ దించమని తల ఊపింది. చెమట వేళ్ళతో రెండుసార్లు తప్పి మూడోసారికి అందుకున్నాను. ఎలాగో గట్టెక్కాం. చివర్లో ఆ లోతైన మోత ఎంత బాగుందోనని ఎవరో మెచ్చుకున్నారు కూడా.

జనం లేచాక వసారాలో ఆయన పక్కన నిలబడ్డాను. చట్రాన్ని తుడుచుకుంటున్నాడు.

“కొత్త తోలు నేను వేయిస్తాను అబ్బా.”

“తోలుదేముండాది సామీ, నేనే ఏసుకుంటా. గుడ్డ లేకుండా పట్టుకోనుంటే మీ సెయ్యే సెప్పుండేది.” గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేది. పలకలు రెండూ గోనెసంచిలో పెట్టుకుని లేచాడు. “మీరు మాట తప్పలేదులే. లోపలికైతే రానిచ్చినారు.”

బస్సులు నడవడం లేదని తెలిసినా ఆ వానలోనే బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు.

మా నాయన గొడుగు పట్టుకుని గేటు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. ఒకే గొడుగు కింద ఇద్దరం నడిచాం. పలక చిరగడం గురించి గానీ, నా వాయింపు గురించి గానీ ఆయన ఒక్క మాట అడగలేదు.

“చూసినాను రా” అన్నాడు చివరికి. “పైపంచె అడ్డం పెట్టుకున్నావు. యాడ మర్చిపోతావో అని గుండె చేత పట్టుకోని కూర్చున్నా.”

నా భుజం తట్టాడు. ఊహ తెలిశాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా “అవును నాయనా” అన్నాను.