బిడ్డకు జడలు వేసిన నెలలు

మొన్న పొద్దున నడక ముగించుకొని, పోతిరెడ్డిపల్లి దగ్గర మా రిటైరైన వాళ్లమంతా చాయ్ తాగుతుంటే, బతుకులో అన్నింటికంటె ఎక్కువ అక్కరకొచ్చిన విద్య ఏదన్న ముచ్చట లేచింది. ఒకాయన ఈత అన్నడు. ఇంకొకాయన లారీ నడపడం అన్నడు. ఒకాయనైతే నలుగురిలో కోపం దిగమింగుకోవడమని చెప్పి అందరినీ నవ్వించిండు. నా వంతు వచ్చేసరికి వంట అని చెప్పి తప్పించుకున్న. అది అబద్ధమేం కాదు గాని, నిజం వేరే ఉన్నది. నా ఈడు మగవాళ్ల ముందర చెప్పుకోవడానికి ఇప్పటికీ జెర సిగ్గు. కాగితం మీదైతే ఎవరూ మొహం చూడరు గనుక రాస్తున్న.

ఎనభైల చివరి మాట ఇది. మాది కొండాపూర్ దిక్కు పల్లె. పటాన్‌చెరులో మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీలో పని దొరికితే, నేను, మా ఇంటామె, రెండో తరగతి చదివే బిడ్డ ఒక్క అర్ర కిరాయికి తీసుకొని ఉండేవాళ్లం. ఇల్లు ఒక పెద్ద వయసు ముస్లిం తల్లిది, వాడంతా ఆమెను ఖాలా, అంటే చిన్నమ్మ, అనే పిలిచేది. ఆ ఏడు వానలు మొదలైన కొత్తల్లో మా ఇంటామెకు దగ్గు పట్టుకొని ఎంతకూ విడవక, పరీక్షలు చేయిస్తే టీబీ అన్నరు. పట్నంలో పెద్దాసుపత్రిలో చేర్చుకొని, నాలుగైదు నెలలు ఉండాలె, పిల్లను దగ్గరికి రానియ్యొద్దు అని చెప్పిండ్రు.

అన్నం వండడం వారంలో వచ్చింది, మాడినా మెత్తబడినా మేమిద్దరమే తినేటోళ్లం గనుక గడిచిపోయింది. బట్టలు ఉతకడం, అంట్లు తోమడం ఎట్లనో చేసిన. చేతగానిది ఒక్కటే, బిడ్డ తల. నడుము దాకా వెంట్రుకలు దానికి, వాళ్లమ్మ ముచ్చటపడి పెంచింది. నేను దువ్వెన పెడితే చిక్కులు పడి పిల్ల కండ్లల్ల నీళ్లు తిరిగేవి, ఏడుపు మాత్రం బయటికి రానిచ్చేది కాదు. రబ్బరు బ్యాండు ఒకటి చుట్టి పంపేటోన్ని. కొన్నాళ్లకు తలలో పేలు పడ్డయి. బడి నుంచి పంతులమ్మ చీటీ పంపింది: రెండు జడలు వేసి రిబ్బన్లు మడిచి కట్టాలె, లేకుంటే జుట్టు కత్తిరించి పంపాలె.

సరిగ్గా ఆ వారమే మా అవ్వ, నన్ను కన్నతల్లి, ఊరి నుంచి వచ్చి, చీటీ సంగతి విని, పిల్ల తల చూసి, అక్కడికక్కడే తేల్చేసింది.

“మగోనివి నీతోని ఏడైతది? పోరిని నాతోని తోలియ్యి. తల్లి మంచిగైనంక తెచ్చుకుందువు.”

ఆమె మాటలో తప్పు లేదు. కాని మా ఊళ్లో బడి అంటే వారంలో రెండు దినాలు సారు వచ్చే బడి, ఏడు గడిస్తే పిల్ల చదువు ఎక్కడ ఆగేదో తెల్వదు. అంతకంటె, తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను కూడా కండ్ల ముందర లేకుంటే పిల్ల ఏమనుకుంటదోనన్న భయం. బిడ్డ పలక తీసుకొని గోడ దిక్కు తిరిగి కూసున్నది. దసరా దాకా చూడవే అవ్వా, అప్పటికీ చేతగాకుంటే నువ్వే తోలుకపో అని బతిమాలితే, సగం మనసుతో సరేనని బస్సెక్కింది.

ఆ సాయంత్రమే ఖాలా గడపలో నిలబడ్డ. ఏం కావాలని ఆమె అడిగింది. జడ ఎట్ల వేస్తరో చెప్పమన్న. ఆమె నవ్వలేదు. నా చేతులు తీసుకొని తిప్పి చూసింది. ఫ్యాక్టరీ మందులకు వేళ్లన్నీ పగిలి గరుకుగా ఉండేవి.

“అరే, ముందుగాల నీ చేతులకు నూనె పెట్టు బేటా. ఈ పగుళ్లల్ల వెంట్రుక చిక్కుతది, పిల్లకు నొస్తది.”

ఇన్నాళ్లూ పిల్ల ఎందుకు కండ్లనీళ్లు పెట్టుకున్నదో నాకప్పుడు అర్థమైంది. చిక్కులు కింది నుంచి పైకి తీయాలని, పాపిట ముక్కు కొనకు సూటిగా పట్టాలని, మూడు పాయలు సమంగా లేకుంటే జడ ఒక దిక్కు గుంజుకపోతదని ఒక్కొక్కటే చూపించింది. పేల దువ్వెన పట్టి వరుసగా నాలుగు ఆదివారాలు తానే పిల్ల తల బాగుచేసింది. నేను ఫ్యాక్టరీలో తిండి గంటప్పుడు సుతిలి తాడు మూడు పాయలు చేసి, కిటికీ ఊచకు కట్టి అల్లుకుంటుంటే తోటివాళ్లు నవ్విండ్రు. ఒక ఒడియా ఆయన మాత్రం, తనకు ముగ్గురు చెల్లెండ్లని హిందీలో చెప్పి, పక్కన కూసొని బిగి ఎక్కడ పట్టాలో వేళ్లతో చూపించిండు.

నేను మొదటిసారి వేసిన రెండు జడల్లో ఒకటి బడిలోనే ఊడిపోయింది. బిడ్డ రిబ్బను సంచిలో పెట్టుకొని వచ్చి, “రేపు జెర గట్టిగ కట్టు నాయినా” అన్నది, అంతే. పది పదిహేను దినాలకు చేతులు కుదిరినయి.

ఆసుపత్రికి పోయినప్పుడు పిల్లను కింద చెట్టు దగ్గర నిలబెట్టి నేనొక్కన్నే పైకి పోయేది. ఒక ఆదివారం మా ఇంటామె వరండా కటకటాల దగ్గరికి వచ్చి కిందికి చూసింది. పిల్ల తల్లిని చూసి చెయ్యి ఊపి, వెంటనే వెనక్కి తిరిగి నిలబడ్డది, జడలు కనబడాలని. మీ అవ్వ వచ్చిందా అని అడిగింది మా ఇంటామె. లేదని, నా రెండు చేతులూ ఆమె ముందర పెట్టిన. ఆమె నా చేతులు చూసి, కింద పిల్లను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆ వారం నుంచి తిండి సరిగ్గా తింటున్నదని నర్సమ్మ చెప్పింది.

దసరా సెలవులకు ముందే అవ్వ వచ్చింది. పొద్దున నేను బిడ్డకు జడలు వేస్తుంటే మంచం మీద కూసొని చూసింది. పిల్ల బడికి పోయినంక లేచి వచ్చి, నా ముందర పీట మీద వెనక్కి తిరిగి కూసున్నది.

“నాకు గూడ జెర దువ్వు కొడుకా. భుజం నొస్తుంది, చెయ్యి లేస్తలేదు.”

పలచబడ్డ ఆ తెల్ల వెంట్రుకలను దువ్వి చిన్న ముడి వేసిన. పిల్లను తోలుకపోయే మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

చలికాలంలో మా ఇంటామె తేరుకొని ఇంటికొచ్చింది. డాక్టర్లు ఇగ భయం లేదన్ననాడు, బిడ్డ దువ్వెన తీసుకొని సక్కగా వాళ్లమ్మ ఒడి ముందర పోయి కూసున్నది. సంతోషమే, కాని ఆ పొద్దు నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఆ తర్వాత పిల్లకు జడ వేసే పని నాకు మళ్లీ పడలేదు.

ఖాలా పోయి చాలా ఏండ్లయింది. ఆ వాడలో ఇప్పుడు నాలుగంతస్తుల ఇండ్లు, ఎవరి తలుపు వాళ్లకు. ఈ కాలం తండ్రులను చూస్తుంటే ముచ్చటేస్తది, చంటిపిల్లలను ఎత్తుకొని, పాలసీసా పట్టుకొని, సిగ్గుపడకుండ బజార్ల తిరుగుతరు, ఎవరూ నవ్వరు. మా కాలంలో ఇంటి ఆడది మంచాన పడితే తప్ప మగవాని చేతికి దువ్వెన రాలేదు. మా ఇంటామె చకచక తిరిగిన ఆ ఏండ్లల్ల, ఒక చేత్తో పొయ్యి చూసుకుంటూ ఇంకో చేత్తో పిల్ల జడ పట్టుకొని అవస్థ పడుతుంటే, నేను గడపలో కూసొని చాయ్ కోసం చూసేటోన్ని. ఒక్క పొద్దన్నా, దువ్వెన ఇటియ్యి నేను వేస్తా అననైతి.