రెండు బటన్ల మధ్య మూడోది

మా ఆఫీసులో ఇప్పటికీ ఒక మాట తిరుగుతుంటుంది: కొత్త లాప్‌టాప్ అక్కకు చేతకాలేదట, కొన్నాళ్లు తంటాలు పడి నేర్చుకుందట. శుద్ధ అబద్ధం. నేను నేర్చుకోలేదు, దానికే నేర్పాను.

మాది మహేశ్వరం దగ్గర విమానాల విడిభాగాలు చేసే కంపెనీ. డ్రాయింగులు మిషన్‌కు వెళ్లేముందు సరిచూసి ఖాయం చేయడం నా పని. అవన్నీ హెడ్డాఫీసులోని పాత యూనిక్స్ కంప్యూటర్‌లో ఉంటాయి. నెట్‌వర్క్ మీదుగా దాని తెర మా ముందు తెరుచుకుంటుంది. అందులో ఎడమ బటన్ గీతను పట్టుకుంటుంది, మధ్య బటన్ ఖాయం చేస్తుంది. ఏళ్ల తరబడి నా మూడు వేళ్లూ మౌస్ మూడు బటన్ల మీదే ఉన్నాయి.

తర్వాత రెండు బటన్ల లాప్‌టాప్‌లు వచ్చాయి. కంప్యూటర్లు చూసే ఆయన, "రెండూ ఒక్కసారే నొక్కక్కా, మధ్యది నొక్కినట్టే," అని చెప్పి పోయాడు. నొక్కాను. గీత పక్కకు జరిగింది. మళ్లీ నొక్కితే ఒక రంధ్రం చోటు మారింది. అది అలాగే మిషన్‌కు పోతే లోహం వృథా.

మేనేజర్ నా వెనక నిలబడి చూశాడు.

"నీ చేతి ఏళ్లు జర నెమ్మదైనయక్కా. చెకింగ్ ఇగ వీళ్లిద్దరికి ఇద్దాం, నువ్వు స్టోర్స్ చూస్కో," అన్నాడు, పక్క టేబుళ్ల దగ్గరున్న కొత్త ఇంజనీర్లను చూపిస్తూ.

"ఏళ్లు నావి సార్. నెమ్మదైతే నాకు తెల్వదా?"

"గట్ల కోపానికొస్తే ఎట్ల?"

"కోపం గాదు. రేపటిదాంక సీటు నాదే. తర్వాత మాట్లాడుదం."

ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవలేదు. హెడ్డాఫీసు తెరను చూపే ఆ రిమోట్ కిటికీ సెట్టింగులన్నీ చదివాను. మూడు బటన్ల అనుకరణకు టిక్కు పెట్టే ఉంది. దాని కింద ఎవరూ ముట్టని చిన్న గడి: మొదటి బటన్ పడ్డాక రెండోదాని కోసం ఎంతసేపు ఆగాలి? అందులో ఉన్న సమయం రెప్పపాటుకు కూడా చాలదు. పాత మౌస్ అలవాటు కొద్దీ నా చూపుడు వేలు ముందు దిగుతుంది, ఉంగరం వేలు వెనక వస్తుంది. ఆలోపే అది ఎడమ బటన్ ఒక్కటే నొక్కాననుకుంటోంది. ఆగే సమయం పెంచాను. మరీ పెంచితే మామూలు ఎడమ క్లిక్కు కూడా ఆలస్యమైంది, కొంచెం తగ్గించాను. ఈసారి గీత ఉన్నచోటే ఉండి ఖాయమైంది.

మర్నాడు మేనేజర్ ముందు ఒక పెద్ద డ్రాయింగు, ఒక్క గీత జరగకుండా పూర్తిచేశాను. విమానమొకటి మా షెడ్డు రేకుల మీదుగా దిగుతుంటే, ఆ రొదలో ఆయన ఏదో గొణిగాడు.

"ఏంది సార్, గట్టిగ చెప్పుండ్రి."

"సీటు నీదేనక్కా అంటున్న."

నాకు మొదటిసారే వినబడింది. మిగతావాళ్లకూ వినబడాలిగా.

సాయంత్రం ఇంజనీర్లిద్దరూ వచ్చారు. "మాది గూడ గట్లనే సెట్ చెయ్యక్కా. మాకు గూడ గీతలు జరుగుతున్నయ్. అన్‌డూ కొట్టుకుంట నడిపిస్తున్నం." చేసిపెట్టాను. ఇప్పుడు కొత్త లాప్‌టాప్ ఏది వచ్చినా ముందు నా టేబుల్ మీదికే వస్తుంది. ఆ గడిలో నా అంకె పడ్డాకే డ్రాయింగు తెరుస్తారు.

ఆ ఇంజనీర్లిద్దరినీ ఒక్కటే అడగాలి. మేనేజర్ నా వేళ్లను నెమ్మదన్నప్పుడు పక్కనే ఉన్నారు కదా, తమ గీతలూ జరుగుతున్నాయని అప్పుడెందుకు నోరు విప్పలేదు?